కృతిభర్తయు చందాదారుడును



సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాసి యిండని సంపాదకవర్గము వారు మమ్ము కోరిరి. మన సంఘముయొక్క పుట్టుపూర్వములను గూర్చియు, గోత్రనామములను గూర్చియు వెనుకటి సంచికలలో పెద్దలు విపులముగ వ్రాసియే యున్నారు. చెప్పినదే మరల చెప్పుట కంటె, అట్టి వ్రాతలు మన చేతికి ఏ త్రోవను వచ్చినవో విచారించుట మేలని మాకు తోచినది. గ్రంథము వ్రాయువాడొకడు, దానికి వ్యయము భరించువాడొకడు, చదువువాడొకడు. ఈ మువ్వురి నడుమ గల సంబంధము తెలుగుదేశమున సుమారు వేయేండ్లలో ఎట్లు మారినదో, ఆ మార్పునందు మనవంటి సంఘములు చేయదగిన పని యెట్టిదో యథాశక్తి వివరింప బూనితిమి. లోపములున్న పెద్దలు మన్నింతురు గాక.

కృతిభర్తల కాలము

నన్నయభట్టారకుడు 11వ శతాబ్దమున రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని ప్రేరణచే భారతమును తెనిగింప నారంభించెను. నాటినుండి చిరకాలము కవికి జీవనాధారము రాజాశ్రయమే. కావ్యమును కన్యగను, దానిని అంకితము గొన్నవానిని కృతిభర్తగను మన పూర్వులు భావించిరి. కన్యాదానమునకు వలెనే దీనికిని కొన్ని మర్యాదలుండెను. అవతారికలో కృతిభర్తయొక్క వంశమును పూర్వపురుషులనుండి వర్ణింపవలెను. షష్ఠ్యంతములలో అతని గుణములను కొనియాడవలెను. ఆశ్వాసముల ఆద్యంతములందు అతనిని సంబోధింపవలెను. ప్రతిఫలముగ కవికి అగ్రహారములు, మాడలు, పట్టువస్త్రములు లభించెడివి. 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు అల్లసాని పెద్దనవలన మనుచరిత్రమును, నంది తిమ్మనవలన పారిజాతాపహరణమును అంకితము గొనెను.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. నేడు పలు కులములవారు తమ చరిత్రకు ఆధారములుగ చూపు వంశావళులలో కొన్ని ఇట్టి కావ్యావతారికలయందు నిలిచినవే. వ్యయము భరించినవాని తాతముత్తాతల పేర్లు నిలిచినవి. పొలము దున్నినవాని పేరును, మగ్గము నేసినవాని పేరును, ఆ కావ్యమును తాటాకుపై వ్రాసిన లేఖకుని పేరును అవతారికలో చోటు పొందలేదు. చరిత్రలో మా పేరు కానరాదేమని చింతించు సంఘములు దీనిని మరువరాదు.

రాజులేగాక వర్తకులును కృతిభర్తలైరి. శ్రీనాథుడు హరవిలాసమును అవచి తిప్పయసెట్టి యను వర్తకునకు అంకితమిచ్చెను. ఆశ్రయము దొరకనివారును, అది వలదనుకొన్నవారును దైవమునే కృతిభర్తగ గొనిరి. తిక్కన భారతమును హరిహరనాథునకును, పోతన భాగవతమును శ్రీరామునకును సమర్పించిరి. మొల్ల తన రామాయణమును శ్రీరామునకును, తరిగొండ వెంగమాంబ తన కృతులను భగవంతునకును అర్పించిరి. దేవునికి కృతి నిచ్చిన కవికి మానవునొకని మెప్పుకై ఎదురుచూడవలసిన పని లేదు. ఐనను అగ్రహారమును లేదు. స్వాతంత్ర్యమునకు చెల్లింపవలసిన వెల యెంతయో కవులకు ఆనాడే తెలిసినది.

ఇక చదువరుల మాట. చదువ నేర్చినవారు కొలదిమంది. ఒకడు చదువగా ఊరెల్ల వినెడిది. గుడి మండపమునందును, రచ్చబండవద్దను సాగిన పురాణ కాలక్షేపమే ఆనాటి గ్రంథాలయము. పుస్తకము కావలెనన్న లేఖకునిచే ప్రతి వ్రాయించుకొనవలెను. తాటికమ్మకు పురుగు భయము, చెమ్మ భయము, నిప్పు భయము. కొన్ని తరముల కొకమారు తిరిగి వ్రాయింపకున్న గ్రంథము నశించును. కావున ప్రతి తరమునందును ఎవరో యొకరు ‘ఇది మాకు కావలెను’ అని కోరినందుననే మన ప్రాచీన గ్రంథములు మిగిలినవి. ఎవరును కోరని గ్రంథమునకు శత్రువు వేరొకడు అక్కరలేదు.

ఈ సందర్భమున మా యింటి సంగతి యొకటి చెప్పక తప్పదు. మా పితామహుల యింట అటకమీద మూడు తాటాకు కట్టలుండెడివి. ఇల్లు పంపకములకు వచ్చినప్పుడు పళ్లెములు, బిందెలు, గోడ గడియారము, పాత తలుపులు సయితము లెక్కించి పంచుకొంటిమి. ఆ కట్టలను మాత్రము ఎవరును కోరలేదు. ఎవరికిని చదువరాని వ్రాత ఇంట నుంచుకొనరాదని బంధువులలో నొకరనగా, మేమే వానిని కొనిపోయి గోదావరిలో విడిచి, నమస్కరించి వచ్చితిమి. అందున్నది వైద్యమో, యక్షగానమో, పొలముల లెక్కయో ఇక తెలిసికొను మార్గము లేదు. ఆనాడు మేము చేసినది పుణ్యమనుకొంటిమి. నేడు ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము.

అచ్చుయంత్రము వచ్చుట

తెలుగు గ్రంథములు మొదట అచ్చైనది విదేశముననే. బెంజమిన్ షుల్ట్జ్ అను క్రైస్తవ బోధకుని తెలుగు పుస్తకములు 1746-47 ప్రాంతమున జర్మనీ దేశపు హాలె నగరమున ముద్రితములయ్యెను. పిదప 1814లో శ్రీరామపురమున విలియం కేరీ తెలుగు వ్యాకరణమును, 1816లో చెన్నపట్టణమున కాంబెల్ దొర వ్యాకరణమును అచ్చైనవి. ఇవి మతబోధకులకును, దొరతనపు ఉద్యోగులకును ఉద్దేశింపబడినవి. వ్యయము భరించినది మిషనో, కుంపిణీయో.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర (1798–1884) చేసిన పని వేరు. అతడు 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. కడపలో తన బంగళాయందే పండితులకును లేఖకులకును జీతములిచ్చి, ఊరూర వ్రాతప్రతులను సేకరించి, పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఇందుకు సొంత ద్రవ్యమును విరివిగ వెచ్చించెను. అతని తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది. అతడు కూర్చిన వ్రాతప్రతులు పిదప చెన్నపట్టణపు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునకు చేరినవి. మన యిండ్ల అటకలమీద చెదలు తినుచుండిన కట్టలను జీతమిచ్చి వెదకించినవాడు సముద్రమునకు ఆవలినుండి వచ్చినవాడగుట మనము సిగ్గుతో స్మరింపవలసిన విషయము.

అచ్చు వచ్చుటతో లెక్కయే మారినది. తాటాకు గ్రంథమునకు ఒక్కొక్క ప్రతికి ఒక్కొక్కమారు వ్యయము. కోరినవాడే కూలి యిచ్చును. అచ్చుపుస్తకమునకు అట్లు కాదు. కాగితము, అక్షరములు కూర్చువాని కూలి, చిత్తుప్రతులు దిద్దువాని జీతము, బైండు ఖర్చు, ఇవన్నియు మొదటి ప్రతి అమ్ముడుపోకముందే చెల్లింపవలెను. కొనువాడెవడో, ఏ ఊరివాడో తెలియదు. తెలియని చదువరిని నమ్మి ముందుగ ధనము పెట్టు క్రొత్త మనుష్యుడు ఒకడు కావలసివచ్చెను. వానికే ప్రచురణకర్త యని పేరు.

ఆ నమ్మకమునకు మొదటి ఊత బడి పిల్లలవలన లభించినది. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడి, తరతరముల విద్యార్థులకు పాఠ్యగ్రంథమైనది. ఏటేట క్రొత్త తరగతి వచ్చును. ఏటేట పుస్తకము అమ్ముడుపోవును. పాఠ్యపుస్తకముమీద వచ్చిన లాభముతో కావ్యము నచ్చువేయు ఆచారము తెలుగు ప్రచురణలో అట్లు నెలకొన్నది.

1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులుగారు చెన్నపట్టణమున ముద్రాలయము స్థాపించిరి. వారి కుమారులు వేంకటేశ్వరశాస్త్రులుగారు దానిని వృద్ధి చేసిరి. వావిళ్లవారి ప్రతి యనిన తప్పులు లేని ప్రతి యని తెలుగునాట వాడుక యయ్యెను. ప్రచురణకర్త వట్టి వ్యాపారి మాత్రమే కాడనుటకు ఆ సంస్థ చరిత్రనుండి ఒక దృష్టాంతము చూపెదము. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానమునందుండిన ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మగారు పరిష్కరింపగా, 1910లో వావిళ్లవారు ప్రకటించిరి. అశ్లీలమను కారణమున దొరతనమువారు దానిని నిషేధించి ప్రతులను పట్టుకొనిరి. స్త్రీ రచించి, స్త్రీ పరిష్కరించిన గ్రంథము దాదాపు మూడున్నర దశాబ్దములు నిషేధమునందుండెను. 1947లో టంగుటూరి ప్రకాశము పంతులుగారి ప్రభుత్వము ఆ నిషేధమును తొలగించెను. 1952లో వావిళ్లవారే దానిని మరల అచ్చువేసిరి. ఒక గ్రంథముకొరకు అంతకాలము నిలిచి యుండుట లాభమునే చూచు వర్తకమునకు సాధ్యమగునా?

రెండు తీరముల నడుమ కవులు

1850 నుండి 1950 వరకు గల నూరేండ్లలో తెలుగు రచయితకు ఒక కాలు జమీందారు చావడిలోను, ఒక కాలు అచ్చుకూటములోను ఉండెను. గురజాడ అప్పారావుగారు విజయనగర సంస్థానమున ఉద్యోగి. 1897లో వెలువడిన కన్యాశుల్కమును మహారాజా ఆనందగజపతికి అంకితమిచ్చిరి. ఐనను ఆ నాటకము పలికినది రాజుతో గాదు, వీధిలోని జనముతో. 1909లో దానిని చాల పెంచి రెండవమారు ప్రకటించిరి. తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు, వేంకటగిరి మున్నగు సంస్థానములలో అవధానములు చేసి సత్కారములందిరి. వారి పాండవోద్యోగవిజయములు మాత్రము రూకలిచ్చి టిక్కెట్టు కొన్న జనసామాన్యమువలన తెలుగునాట మారుమ్రోగినవి. పిఠాపురము మహారాజావారి యౌదార్యమువలన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సూర్యరాయాంధ్ర నిఘంటువును చేపట్టగా, ప్రథమ సంపుటము 1936లో వెలువడినది. అట్టి మహాకార్యము చిల్లర చందాలతో సాగెడిది కాదు. ఆ మేలు మనము ఒప్పుకొనవలెను.

ఈ రెండు తీరములకును దూరముగ తన పడవను తానే నడుపుకొన్నవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు (1848–1919). వారు 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించిరి; మొదట చెన్నపట్టణమున అచ్చువేయించి, పిదప రాజమహేంద్రవరముననే ముద్రాశాలను నెలకొల్పుకొనిరి. రాజశేఖర చరిత్రమును తమ పత్రికయందే మొదట ప్రకటించిరి. వితంతు వివాహములకై ఊరినెదిరించినవారికి ఏ ప్రభువు కృతిభర్త కాగలడు? సొంత యచ్చు ఉన్నందుననే వారి కలమును ఎవరును పట్టి ఆపలేకపోయిరి. రచయిత, సంపాదకుడు, ముద్రాపకుడు, విక్రేత అన్నియు తామేయై శ్రమించిరి. ఆ శ్రమ అందరికిని సాధ్యమగునది కాదు.

చందాదారుని కాలము

అంతట క్రొత్త మార్గమొకటి తెరచుకొన్నది. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు మొదలగువారు 1906లో హైదరాబాదునందు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. 1907లో గాడిచర్లవారి అబ్రహాము లింకను చరిత్రము మొదటి గ్రంథముగ వచ్చెను. మండలి 1908లో చెన్నపట్టణమునకు మారినది. 1910లో చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ప్రథమ భాగము వెలువడినది. ఆంధ్రులు తమ చరిత్రను తమ భాషలో చదువుకొన్నది ఇట్టి చందాల బలముననే.

గ్రంథమాల పద్ధతి నేటివారికి వింతగ తోచవచ్చును. చదువరి కొంత ప్రవేశరుసుము చెల్లించి చందాదారుగ చేరును. మాలలో వచ్చు ప్రతి పుస్తకమును తగ్గింపు ధరకు వి.పి. మూలముగ తపాలావాడు ఇంటికి తెచ్చియిచ్చును. ఇందువలన ప్రచురణకర్తకు ఎన్ని ప్రతులు నిశ్చయముగ పోవునో ముందే తెలియును. ఒక్క ప్రభువు మోసిన బరువును వేయి మంది పంచుకొనిరి. పల్లెటూరి బడిపంతులు, కరణము, చిన్న వర్తకుడు, చదువుకొన్న గృహిణి, వీరందరును తలకొక పాలుగ కృతిభర్తలైరి. వీరి వంశమును అవతారికలో వర్ణింపవలసిన పని కవికి లేదు. రచయితకు అది గొప్ప విడుదల.

దీనికి తోడు గ్రంథాలయోద్యమము నిలిచినది. హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమైనది. 1914లో బెజవాడయందు అయ్యంకి వేంకటరమణయ్యగారు మున్నగువారి పూనికతో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము ఏర్పడినది. 1918లో వేటపాలెమునందు యువకులు నెలకొల్పిన సారస్వత నికేతనమున పాత పత్రికలకై నేటికిని పరిశోధకులు వచ్చుచుందురు. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయమును నడిపించిరి. పుస్తకమును చదువరి వెదకికొనిపోవలసిన స్థితి మారి, పుస్తకమే చదువరి రేవునకు వచ్చినది.

దాతలు లేకపోలేదు, వారి రీతి మారినది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయియందు అమృతాంజనమును ప్రారంభించి, ఆ లాభముతో 1908లో ఆంధ్రపత్రికను, 1924లో భారతిని, 1926లో ఆంధ్ర గ్రంథమాలను నెలకొల్పిరి. తలనొప్పి మందు కొన్న ప్రతివాడును తనకు తెలియకయే తెలుగు గ్రంథమునకు కొంత చెల్లించినట్లయ్యెను. పంతులుగారు తమ వంశమును పొగడించుకొనక, గ్రంథములను స్వల్ప ధరలకు జనులకందించిరి. పోషకులు ఎట్లుండవలెనో తెలియగోరువారికి ఇంతకుమించిన ఆదర్శము మాకు కనబడలేదు.

నిజాం రాష్ట్రమున తెలుగునకు రాజాదరణ కొరవడినను చదువరులే పూనుకొనిరి. తెలంగాణమున కవులు లేరని యొకరు వ్రాయగా, సురవరము ప్రతాపరెడ్డిగారు తాము నడుపు గోలకొండ పత్రిక మూలముగ ఊరూరినుండి పద్యములను తెప్పించి, 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. మాటకు మాట బదులు చెప్పక, గ్రంథమునే బదులుగ చూపిరి. పరుల యిండ్లలో పనిచేసి పెరిగిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను తామే మోసికొనిపోయి ఊళ్లలో అమ్మిరి. ధనము లేనివాడును ప్రచురణకర్త కాగలడని వారు నిరూపించిరి.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప

1948లో మద్రాసు రాష్ట్రమున జమీందారీలు, 1949లో హైదరాబాదు రాష్ట్రమున జాగీర్లు రద్దయినవి. రైతునకు అది మేలు. కవికి పాత చావడి మూతపడినది. క్రొత్త కవిత్వము అప్పటికే పత్రికల నాశ్రయించియుండెను. శ్రీశ్రీ 1930 దశకమున వ్రాసిన గేయములు జనుల నోళ్లలో నానుచున్నను, మహాప్రస్థానము గ్రంథరూపమున 1950లో గాని రాలేదు. దానిని రాజునకు గాక, చనిపోయిన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావుకు అంకితమిచ్చుట కాలపు మార్పునకు గుర్తు. 1981లో అదే గ్రంథము కవి స్వదస్తూరితో లండనునందు వెలువడినది.

తరువాత ముప్పది యేండ్లు పత్రికలకును నవలలకును మంచి కాలము. వారపత్రికలో ధారావాహికగ వచ్చిన నవలను పాఠకులు వారము వారము ఎదురుచూచి చదివిరి. యద్దనపూడి సులోచనారాణిగారి సెక్రటరీ 1960 దశకమున జ్యోతి మాసపత్రికలో వచ్చి, పుస్తకరూపమున అనేక ముద్రణములు పొందినది. ఎమెస్కోవారు జేబు పుస్తకములను వెలువరించి, ఇంటింట సొంత గ్రంథాలయమను పథకమున చదువరుల కందించిరి. వీధి వీధిని అద్దె పుస్తకముల దుకాణములు వెలసినవి. చదువరులలో స్త్రీలు పెద్ద సంఖ్యలో చేరుటయు, వారికై స్త్రీలే వ్రాయుటయు ఈ కాలపు విశేషము. విజయవాడయందు 1953లో విశాలాంధ్ర ప్రచురణాలయమును, హైదరాబాదున 1980లో హైదరాబాద్ బుక్ ట్రస్టును ఏర్పడి, లాభముకంటె భావప్రచారమే ముఖ్యముగ పనిచేసినవి.

ప్రభుత్వమును పెద్ద కొనుగోలుదారైనది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టము క్రింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగ వసూలగును. అనగా ఇల్లుగల ప్రతి గృహస్థుడును చందాదారుడే. ఐనను స్థానిక సంస్థలు ఆ సొమ్మును గ్రంథాలయములకు సకాలమున చేర్చుట లేదను మొర చిరకాలముగ వినవచ్చుచున్నది. గ్రంథాలయములు కొననిచో, వానినే నమ్ముకొని అచ్చువేసినవారి పుస్తకములు గోదాములలో పడియుండును.

1990 దశకమున దూరదర్శన ధారావాహికలు ఇంటింట ప్రవేశించినవి. 1991లో ఆంధ్రపత్రికయు భారతియు నిలిచిపోయినవి. అద్దె పుస్తకముల దుకాణములు ఒక్కటొక్కటిగ మూతపడినవి.

నేటి స్థితి

నేడు వ్రాయుట సులభమైనది, అచ్చువేయుటయు సులభమైనది. సీసపు అక్షరములు పోయి గణకయంత్రములు వచ్చినవి. నూరు ప్రతులు కావలెనన్న నూరే వేయించుకొనవచ్చును. 1998లో అమెరికాయందలి తెలుగువారు ఈమాట యను అంతర్జాల పత్రికను ఆరంభించిరి. పల్లెలోనివాడు చేతి ఫోనులో వ్రాసిన కథను ఆ దినముననే దేశాంతరమందలివాడు చదువుచున్నాడు. నడుమ ప్రచురణకర్త లేడు, తపాలావాడు లేడు. చదువరి అభిప్రాయము గడియలో రచయితకు చేరును. ఇది పూర్వులు కలగననైన లేని సౌకర్యము. కాని సొమ్ము మాత్రము రచయితకు చేరుట అరుదు. చదువరికి చదువు ఉచితమైనది. రచయితకు ఆ యుచితమే బరువైనది.

అచ్చుపుస్తకముల స్థితి యెట్లున్నదో మా యనుభవమునుండి చెప్పెదము. కొంతకాలము క్రిందట మేమొక చిన్న చరిత్ర గ్రంథమును సొంత ఖర్చుతో 500 ప్రతులు వేయించితిమి. ఆవిష్కరణ సభ వైభవముగ జరిగినది. శాలువలు కప్పిరి. ఆ దినమున 200 ప్రతులు ఉచితముగ పంచితిమి. అడిగినవారెవరును వెల యెంతయని అడుగలేదు. ఒక పట్టణపు విక్రేత 100 ప్రతులు తీసికొనెను. లెక్కయును లేదు, సొమ్మును రాలేదు. మేము స్వయముగ అమ్మినవి 40. తక్కిన 160 మా యింట మంచము క్రింద ఉన్నవి. సభకు వచ్చిన వారిలో దానిని చదివితిమని చెప్పినవారు మాకింకను తటస్థపడలేదు.

ఐతే ఒకనాడు ఒక పల్లెటూరి ఉపాధ్యాయుని యొద్దనుండి ఉత్తరము వచ్చినది. ఆయన ఆ 40 ప్రతులలో నొకటి కొన్నవారు. ఒక గ్రామము పేరును మేము తప్పుగ వ్రాసితిమని, అది తమ తల్లిగారి ఊరని, ఆ శాసనమున్న రాయిని చిన్ననాట తాము చూచితిమని వ్రాసి, మరి రెండు ప్రతులకు సొమ్ము పంపిరి. ఆ ఉత్తరము చదివి మేము సిగ్గుపడితిమి, సంతోషించితిమి. శాలువకంటె అది యెక్కువ. వెల యిచ్చి, చదివి, తప్పు దిద్దిన చదువరియే రచయితకు నిజమైన కృతిభర్త.

మన కర్తవ్యము

ఇంతవరకు చెప్పిన చరిత్రనుండి మాకు తోచిన సారమిది. ఒక్కడు భరించిన గ్రంథము ఆ యొక్కని పొగడును. పదుగురు భరించిన గ్రంథము పదుగురికి పనికివచ్చును. ఎవరును భరింపని గ్రంథము గోదావరి పాలగును. 1900 తరువాత తెలుగునాట పలు కులసంఘములు విద్యార్థి వసతిగృహములు కట్టినవి, పత్రికలు నడిపినవి, ఇట్టి సంచికలు వెలువరించినవి. ఆ కార్యములన్నియు చందాలతో జరిగినవే. మనకు చందా క్రొత్త గాదు; పుస్తకమునకు చందా యిచ్చుటనే మరచితిమి.

పోషక మహాశయులు కోపగింపరని నమ్మి ఒక మాట మనవి చేసికొందుము. ఈ సంచికలో ఛాయాచిత్రములకును ప్రకటనలకును ఇచ్చిన పుటలెన్ని, చదువదగిన పుటలెన్ని యని లెక్కింపుడు. మనము తెలియకయే పాత అవతారికను తిరిగి వ్రాయుచున్నాము. వంశవర్ణన మిగిలినది, కావ్యము పోయినది. ప్రకటనల సొమ్ములో కొంత భాగమైనను గ్రంథములకు వినియోగపడవలెను.

ఇందుకై మూడు పనులను సభవారి యెదుట ఉంచుచున్నాము.

మొదటిది: మన కుటుంబముల యిండ్లలో నున్న తాటాకు కట్టలకు, పాత పుస్తకములకు, దస్తావేజులకు, ఉత్తరములకు పట్టిక తయారు చేయింపవలెను. వానిని ఎవరి యింటనుండియు తరలింప నక్కరలేదు. ఛాయాప్రతులు తీయించి గ్రంథాలయములలో ఉంచిన చాలును. మా చేత జరిగిన అపచారము మరియొక యింట జరుగకుండుట మా కోరిక.

రెండవది: సంఘమున చదువరుల చందా పట్టిక నొకటి తెరువవలెను. ఏడాదికి కొలది పుస్తకములు కొందుమని మూడువందల కుటుంబములు ముందుగ మాట యిచ్చి రొక్కము చెల్లించిన, ఒక చిన్న గ్రంథపు ఖర్చులో చాలవరకు అచ్చునకు ముందే చేతికి వచ్చును. ఉచిత ప్రతులు పంచరాదు. వెల యిచ్చి కొన్నదానినే మనుష్యుడు విప్పి చూచును. మరియు మన కులమువాడు వ్రాసినదే కొందుమనియు, మనలను పొగడినదే కొందుమనియు నియమము పెట్టరాదు. అట్లు పెట్టిన మనము జమీందారు చావడినే మరల తెరచినవారమగుదుము.

మూడవది: రచయితతో ఒడంబడిక వ్రాతమూలకముగ జరుగవలెను. పాత పుస్తకముల మొగపుటమీద ‘సర్వస్వామ్య సంకలితము’ అని చూచియుందురు. ఆ స్వామ్యము ఎవరిదో, ఎంతకాలమో చాలమంది రచయితలకే తెలియదు. 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి హక్కు బదిలీ సంతకముతో గూడిన పత్రమున ఉండవలెను. కాలపరిమితి వ్రాయనిచో అది 5 సంవత్సరములుగ భావింపబడును. రచయిత మరణించిన పిదప 60 సంవత్సరములు హక్కు వారసులకుండును. అచ్చువేసినవి ఎన్ని, అమ్మినవి ఎన్ని, రచయిత పాలు ఎంత యను లెక్కను ఏటేట సంఘము నోటీసు పలకమీద అంటింపవలెను. లెక్క తేటగ నున్నచోటనే నమ్మకము నిలుచును.

ఈ మూడును గొప్ప ధనముతో పనిలేనివి. వేయేండ్లనాడు ఒక రాజు చేసిన పనిని మూడువందల కుటుంబములు పంచుకొనుటయే ఇందలి భావము. రాబోవు మహాసభ నాటికి చందా పట్టికలో మొదటి పుట నిండవలెనని మా ఆశ. మా పేరును మొదటి వరుసలో వ్రాసికొనుడు. సొమ్ము ఈ వ్యాసముతోనే కార్యదర్శిగారి కందజేసితిమి.

సంఘీయులందరికిని ఆయురారోగ్యములను, వారి యిండ్లలో పుస్తకములను, ఆ పుస్తకములకు చదువరులను పరమేశ్వరుడు ప్రసాదించు గాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.